ఖాళీ ట్రే వస్తేనే పని

మా అమ్మాయి షెడ్డు బాధ్యత చేతిలోకి తీసుకున్న రోజున మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి అన్న మొదటి మాట ఇది: "పని లేనప్పుడు ఎవరూ పని చెయ్యకూడదు."

పిల్లకి జ్వరం గానీ తగిలిందేమోనని నుదురు పట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

"చెయ్యి తియ్యమ్మా, మాట్లాడుతున్నాను" అంది విసుగ్గా.

మాది బందుల షెడ్డు. బీరువా తలుపులకి వేసే మడతబందులు చేస్తాం. మా ఆయన రేకు కత్తిరించి, సైజుకి తగ్గ డై, అంటే అచ్చు, ప్రెస్సుకి ఎక్కించి వంచుతారు. మా తమ్ముడు వాటికి స్క్రూలు పట్టే చిల్లులు పొడుస్తాడు. మా వదిన, అంటే మాతోనే ఉండే మా ఆయన అక్క, రెండు రెక్కలూ కలిపి మధ్యలో పిన్ను దిగ్గొడుతుంది. ఆఖరున నేను. ప్రతి బందునీ తెరిచి మూసి చూసి, నూనెగుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి పెట్టెలో సర్దుతాను. ఇంతే మా సైన్యం.

ఇదివరకు మాకు పద్ధతంటూ ఏమీ ఉండేది కాదు. కరెంటు ఉన్నంతసేపూ ఎవరికి చేతనైనన్ని వాళ్ళు చేసి పక్కవాళ్ళ మీదికి తోసెయ్యడమే. తయారైనవన్నీ స్టోరు గదిలో గోనెసంచుల్లో కప్పు దాకా పేర్చేదాన్ని. ఆ సంచులే నా ధైర్యం. రేపు కరెంటు పోతే? ప్రెస్సు విరిగితే? తమ్ముడికి కామెర్లు తిరగబెడితే? వరదలొచ్చి రేకు లారీ రోడ్డు మీదే ఆగిపోతే? ఇలాంటి ఆలోచన వచ్చినప్పుడల్లా స్టోరు గది తలుపు తీసి సంచుల వంక చూసుకునేదాన్ని. ఊపిరి ఆడేది.

ఆ ధైర్యమే మా పీకల మీదికి తెచ్చింది. అడుగు సంచుల్లో బందులు తుప్పు పట్టి, అవి కాస్తా బీరువాల కంపెనీకి వెళ్ళిపోయాయి. పైగా వాళ్ళు తలుపు సైజు మార్చేసరికి పాత సైజువి మా దగ్గర గదినిండా మిగిలాయి. కంపెనీవాళ్ళు తెగేసి చెప్పారు. ఏ రోజుకి కావలసినవి ఆ రోజు పొద్దున్నే, అడిగిన సైజులో, అప్పుడే చేసినవి పంపగలిగితేనే ఇక మాతో పని. వాళ్ళ మేడమ్ వచ్చి మా పద్ధతి కళ్ళారా చూస్తుంది. నచ్చితే ఆర్డరు. నచ్చకపోతే దండం పెట్టెయ్యడమే. కంపెనీ పోతే మాకు ఇంకో దిక్కు లేదు. అందుకే మా ఆయన పక్క షెడ్డు రంగుల డబ్బాలాయనకి మాట కూడా ఇచ్చేశారు, ఆర్డరు రాకపోతే షెడ్డు గోడౌనుకి ఇచ్చేస్తానని. ఆ మహానుభావుడు మర్నాటి నుంచే టేపు పట్టుకుని మా గోడలు కొలవడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి తెలిసి, కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేస్తున్న ఉద్యోగం మానేసి మా అమ్మాయి వచ్చేసింది. అక్కడ నేర్చుకున్నదంతా మా మీద ప్రయోగించింది. దాన్ని లీన్ పద్ధతి అంటారట. లీన్ అంటే బక్కపల్చన అని చెప్పింది. బక్కపల్చన అనేది నేను జన్మలో మెచ్చుకున్న సంగతి కాదు. అయినా నోరు మూసుకున్నాను.

ముందు స్టోరు గది ఖాళీ చేయించింది. నేను చూడలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. తరవాత నీలం రంగు ప్లాస్టిక్ ట్రేలు తెచ్చి, ఇద్దరిద్దరి మధ్య రెండేసి పెట్టింది.

"అమ్మా, నీ ముందు ట్రే ఖాళీ అవగానే అత్తకి తోసెయ్యి. ఖాళీ ట్రే వస్తేనే అత్త పిన్నులు కొట్టాలి. రాకపోతే కొట్టకూడదు. అత్త ట్రే ఖాళీ అయితేనే మామయ్య చిల్లులు పొడవాలి. అలా నాన్న దాకా. అర్థమైందా?"

"ఖాళీ ట్రే రాకపోతే?" అంది వదిన.

"కూర్చో అత్తా."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

"నేను కూర్చుంటే నడుం పట్టేస్తుందే. నించుంటే మోకాళ్ళు. నాకు పనిలోనే హాయి."

"అయితే పాటలు పాడుకో."

"పాడితే మనందరికీ పని పోతుంది" అన్నాడు తమ్ముడు.

ఇంకో నియమం కూడా పెట్టింది. ముందొచ్చినది ముందు వాడాలి, వెనకొచ్చినది వెనక. అడుగున పడి తుప్పు పట్టే మాట మళ్ళీ వినపడకూడదని, గోడ మీద ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు రాయించింది: ముందొచ్చింది ముందు. మా ఆయన ఆ అక్షరాలని చూసి కళ్ళకద్దుకున్నంత పని చేశారు. కూతురు ఏం రాసినా ఆయనకి వేదమే.

మొదటి రోజున నాకు ముచ్చెమటలు పోశాయి. వదిన పంపిన ట్రే అయిపోయింది. ఖాళీది తోసేశాను. రెండోది కూడా అయిపోవచ్చింది. ముందు బల్ల బోసిగా ఉంది. ఈలోగా వదిన తుమ్మింది. ఒక తుమ్ము. రెండో తుమ్ము. ఆవిడకి జలుబు చేస్తే? జలుబు ముదిరి మంచాన పడితే? పిన్నులెవరు కొడతారు? కంపెనీ మేడమ్ ఆరోజే వస్తే? టేపు పట్టుకున్నాయన అప్పటికప్పుడు డబ్బాలు దింపేస్తే? వదిన మూడో తుమ్ము తుమ్మేలోపు నా ఆలోచనల్లో మేం సామాను సర్దుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాం.

ఆ సాయంత్రం కూరగాయలకని బయల్దేరి ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకి వెళ్ళాను. సరిగ్గా అలాంటివే నీలం ట్రేలు కొన్ని కొన్నాను. నా భయంలో నేనున్నాను.

మర్నాడు అమ్మాయి ఫోనులో ఉన్నప్పుడు నా ఖాళీ ట్రే ఒకటి వదిన వైపు తోశాను. వదిన దాని వంక చూసింది, నా వంక చూసింది, నిండుగా నింపి పంపింది. దాన్ని బల్ల కింద పెట్టి గుడ్డ కప్పాను. అప్పుడు గానీ నా గుండె చోటికి రాలేదు. ఆ తరవాత వదిన తుమ్మినప్పుడల్లా ఒక్కో ట్రే. ఇంకొన్ని ట్రేలకని మళ్ళీ వెళ్తే కొట్టతను అదోలా నవ్వాడు, ఎందుకో అడగలేదు. బల్ల కింద పట్టనివి కూరగాయల సంచిలో ఇంటికి చేరవేసి మంచం కింద తోశాను.

చిత్రమేమిటంటే, షెడ్డులో అందరికీ ఊపిరి సలపని పని. తమ్ముడు చొక్కా పిండితే నీళ్ళు కారుతున్నాయి. మా ఆయన ప్రెస్సు ఒక్క క్షణం ఆగడం లేదు. అమ్మాయి అయోమయంగా గోడ దగ్గర నిలబడి తల గోక్కునేది.

"కావలసినన్నే కదా చేస్తున్నాం? మరి అందరూ ఎందుకిలా ఆపసోపాలు పడుతున్నారు?"

"కొత్త పద్ధతి కదమ్మా, ఉత్సాహం" అనేవారు మా ఆయన, చెమట తుడుచుకుంటూ.

ఒకరోజు ఇల్లు ఊడుస్తూ మంచం కిందికి చీపురు పెట్టాను. గలగలమంది. నేను దాచిన మూట కుడివైపు ఉంది. ఇది ఎడమవైపు. లాగి చూస్తే పిన్నుల్లేని రెక్కలు, చిల్లులు పొడిచినవి, సంచినిండా! ఇంట్లోకి ఎవరో దొంగ వచ్చాడు. వచ్చి, ఏమీ తీసుకెళ్ళకుండా, పెట్టి వెళ్ళాడు. తీసుకెళ్ళే దొంగ కంటే పెట్టి వెళ్ళే దొంగ ఎంత భయంకరుడో మీరే ఆలోచించండి. రేపు ఇంకేం పెడతాడో! ఎవరికి చెప్పుకుందామన్నా పక్కనున్న నా మూట గురించి కూడా చెప్పాలి. సంచిని ఉన్నచోటికి తోసేసి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం అందరం భోజనాలకి కూర్చున్నాం. తమ్ముడు కూడా మాతోనే తింటాడు. అమ్మాయి చేతిలోంచి ఫోను ఛార్జరు జారి మంచం కిందికి వెళ్ళింది. వంగబోయింది.

"బల్లి!" అని నేను.

"పాము!" అని తమ్ముడు.

"నేను తీస్తానుండు!" అంటూ నడుంనొప్పి వదిన నాలుగడుగుల దూరం నించి దూకింది.

"ఆ ఛార్జరు పాతదైపోయిందిలే, కొత్తది కొనిపెడతా" అని మా ఆయన.

అమ్మాయి వంగినది వంగినట్టే మా నలుగురి మొహాలూ చూసింది. "మీకందరికీ ఏమైంది?"

"మేడమ్ వస్తుందని కంగారు" అన్నాను. అది అబద్ధం కాదు.

మేడమ్ రానే వచ్చింది. ద్వారానికి తల తగిలేంత పొడుగు మనిషి. కాళ్ళకి బూట్లు, మెడలో తాడుకి వేళ్ళాడే కళ్ళజోడు, గోడలు అదిరే గొంతు. షెడ్డు అద్దంలా ఉంది. బల్లలకి కింద దాకా వేళ్ళాడే గుడ్డలు వేశాం. ఎవరికి వాళ్ళే ఆ ఆలోచన చేసి గుడ్డలు తెచ్చుకున్నారు. అప్పటికీ నాకు ఏమీ తట్టలేదు. బయట ఆ టేపు మనిషి, ఏదో పని ఉన్నవాడిలా గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మేడమ్ ఖాళీ స్టోరు గది చూసి "బాగుంది" అంది. ట్రేలు చూసి "బాగుంది" అంది. మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఇన్ని బాగుందిలు ఒకేసారి వస్తే మంచిది కాదు.

"ఇప్పుడు చిన్న సైజు నడుస్తోంది కదా?" అంది మేడమ్. "నాకు పెద్ద సైజు కావాలి. ఇప్పుడే. మొదటి పెద్ద బందు నా చేతికి ఎంతసేపట్లో వస్తుంది?"

అమ్మాయి నవ్వింది. "మా దగ్గర మధ్యలో నిలవ ఉండదు మేడమ్. ఇద్దరి మధ్య రెండే ట్రేలు. అమ్మా, మేడమ్‌కి టీ ఇవ్వు. మీరు టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు మీ చేతిలో ఉంటుంది."

"చూద్దాం" అని మేడమ్ నా పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఇది రాకపోతే మాత్రం నేను ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలి. ముందే చెప్తున్నా."

ఫ్లాస్కులోంచి టీ పోసి గ్లాసు అందించాను.

ఆవిడ టీ తాగింది. చిన్న బందులు వచ్చాయి. మర్యాదకి ఇంకో గ్లాసు పోశాను. తాగింది. చిన్న బందులు వచ్చాయి. మూడో గ్లాసు. వదిన బల్ల వైపు చూస్తే ఆవిడ వంగి లేస్తోంది, వంగి లేస్తోంది. నడుంనొప్పి మనిషికి ఇన్ని వంగడాలేమిటి? అవతల తమ్ముడు కూడా అంతే. వంగుతాడు, లేస్తాడు, చిల్లు పొడుస్తాడు. నేనూ ఖాళీగా లేను. నా బల్ల కింద ట్రేలున్నాయి కదా. ముందొచ్చింది ముందు. పాతవి చుట్టకుండా కొత్తవి ముట్టుకోకూడదు. గోడ మీద రాసే ఉంది.

అమ్మాయి నుదుటి మీద చెమట పట్టింది. ప్రెస్సు దగ్గరికి నడిచింది.

"నాన్నా, పెద్ద డై ఎక్కించావా?"

"ఎక్కిస్తున్నా తల్లీ. ఈ చిన్నవి అవనీ."

"ఏ చిన్నవి?"

"ముందొచ్చినవి. నువ్వే కదమ్మా చెప్పావు."

"ఎక్కడ ముందొచ్చినవి? నీ ముందు రెండు ట్రేలేగా ఉండాలి?"

మా ఆయన గబగబా బల్ల గుడ్డ సర్దబోయారు. అది కాస్తా ఆయన చెప్పుకి తగులుకుని జర్రున జారింది. దాని వెనక చిన్న సైజు రేకు ముక్కలు నింపిన నీలం ట్రేలు, ఒకదాని మీద ఒకటి, ఆయన నడుం దాకా.

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది.

"నాన్నా, ఇవేంటి?"

"అవసరానికని..." అని నసిగి, ఆయన అంత పెద్దమనిషి, తమ్ముడి వైపు వేలు చూపించారు. "వాడి దగ్గర ఇంకా ఎక్కువున్నాయి!"

"బావా! నమ్మకద్రోహం!" అని అరిచాడు తమ్ముడు. "నేను అక్కని చూసి నేర్చుకున్నాను. అక్క బల్ల కింద చూడండి!"

"నాకేం తెలుసు, నేను వదినని..." అన్నాను.

వదిన తడుముకోకుండా తన గుడ్డ తనే ఎత్తేసింది. "ఆ, ఉన్నాయి. లేకపోతే ఎలా? మా మరదలు ఊరికే ఖాళీ ట్రేలు తోస్తుంటే, నాకు రెక్కలు చాలొద్దూ? అందుకే నేనూ నాలుగు కొని దాని తమ్ముడి వైపు తోశాను."

"మీరు తోస్తుంటే నాకు చాలొద్దూ?" అని తమ్ముడు.

"మీరందరూ తోస్తుంటే నాకు చాలొద్దూ?" అని మా ఆయన.

అందరి బల్లల కిందా నీలమే. ఆ కొట్టతను ఎందుకు నవ్వాడో నాకప్పుడు తెలిసింది. పెట్టి వెళ్ళిన దొంగ ఎవరో కూడా తెలిసింది. వదిన నా కళ్ళలోకి చూడకుండా పిన్నులు లెక్కపెట్టుకుంటోంది.

మా అమ్మాయి మా అందరి మధ్యా నిలబడి, ఒక్కొక్క బల్లా చూసి, నోరు తెరిచింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ముందు కొంచెం. తరవాత పొట్ట పట్టుకుని. తరవాత నేల మీద కూలబడి, కాళ్ళు చాపి, కళ్ళనీళ్ళు కారుతుంటే ఆగకుండా నవ్వింది. పిల్లకి మతి పోయిందని నేను పరుగెత్తి పట్టుకున్నాను. అది నా భుజం మీద వాలి "గుడ్డలు! అందరూ గుడ్డలు!" అని మళ్ళీ పగలబడింది. వదిన మొదలుపెట్టింది. తమ్ముడు డ్రిల్లు ఆపేసి గోడకి తల ఆనించి కిచకిచలాడాడు. మా ఆయన నవ్వు ఆపుకోబోయి దగ్గు తెచ్చుకున్నారు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. సంచి భుజానికి తగిలించుకుంది. గేటు దగ్గర టేపు మనిషి మెడ చాచాడు.

మా అమ్మాయి చివ్వున లేచింది. మొహం చున్నీతో తుడుచుకుంది.

"మేడమ్, ఒక్క టీ."

"నా కడుపు నీళ్ళ ట్యాంకనుకున్నావా అమ్మాయ్? మూడు తాగాను."

"అయితే ఒక్క గ్లాసు మంచినీళ్ళు. అవి తాగి వెళ్ళండి. అప్పటికి పెద్ద బందు రాకపోతే నేనే మీకు తలుపు తీస్తాను."

మేడమ్ గడియారం చూసుకుంది, మమ్మల్ని చూసింది. "నీళ్ళు తాగడానికి నాకు ఎంతోసేపు పట్టదు" అంటూనే కూర్చుంది.

ఇక చూడాలి మా పరుగు! దాచిన ట్రేలన్నీ చేతికొకటిగా బయటికి విసిరాం. టేపు మనిషి కాళ్ళ దగ్గర ఒకటి పడేసరికి అతను ఎగిరి గంతేశాడు. మా ఆయన పెద్ద డై ఎత్తుతుంటే తమ్ముడు వెళ్ళి అందుకున్నాడు. "బావా, కాలి మీద వేసుకోకు, అక్క చచ్చిపోతుంది!" నేను కళ్ళు మూసుకున్నాను. దడేల్‌మంది. కళ్ళు తెరిచాను. డై కూర్చుంది, కాలు క్షేమం.

ఇప్పుడు ఇద్దరి మధ్యా రెండే ట్రేలు, అన్నీ ఖాళీ. నా ముందు బల్ల బోసి. మేడమ్ ఒక గుక్క తాగింది. ప్రెస్సు దబ్‌మంది. నాకు చెయ్యడానికి ఏమీ లేదు. ఎంత ఘోరమో చెప్పలేను. నూనెగుడ్డ మడత పెట్టాను, విప్పాను. రెండో గుక్క. డ్రిల్లు కీచుమంది. చిల్లు వంకర పోతే? నా స్టూలు కింద ఇంకా ఒక ట్రే ఉంది. పారెయ్యమన్నప్పుడు దాని మీద కూర్చున్నాను, ఎవరూ చూడలేదు. అందులో పెద్ద సైజువే, స్టోరు గది ఖాళీ చేసినప్పుడు ఎవరికీ తెలియకుండా దాచుకున్న పాతవి. ఒక్కటి తీసి మేడమ్ చేతిలో పెడితే చాలు, అంతా అయిపోతుంది. చెయ్యి కిందికి పోయింది. వేళ్ళకి బందు తగిలింది. గరుకుగా ఉంది. తుప్పు.

అవతల మా అమ్మాయి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఖాళీ ట్రే వంక చూస్తూ నిలబడింది. దాని పెదాలు కదులుతున్నాయి. నా బిడ్డకీ భయమే! నాకా సంగతి అంతవరకూ తట్టనే లేదు. చెయ్యి వెనక్కి లాక్కుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. మేడమ్ గ్లాసులో ఇక అడుగునే ఉన్నాయి. ఆవిడ ఎత్తబోయి, ఎందుకో, పమిటతో కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టింది. తీరిగ్గా, రెండద్దాలూ.

వదిన సుత్తి టకటకమంది. "ఇదిగో మరదలా!" అంటూ ట్రే జారవిడిచింది.

పెద్ద బందు. ఇంకా వెచ్చగా ఉంది. తెరిచాను, మూశాను. నూనెగుడ్డతో తుడిచాను. కాగితం చుట్టడం మర్చిపోయి అలాగే మేడమ్ చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూసింది. చప్పుడు లేదు. అప్పుడు మిగిలిన నీళ్ళు గడగడా తాగేసి గ్లాసు బోర్లించింది.

"రేపు పొద్దున్న మొదటి పెట్టె పంపండి. పెద్దవి. ఏడాది ఆర్డరు కాగితం మా వాళ్ళతో పంపిస్తాను" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నేను చెప్పకుండా వస్తుంటాను. మీ బల్లలకి ఇక గుడ్డలొద్దు." అప్పుడు చూశాను, గోడ వైపు తిరిగిన ఆ పొడుగు మనిషి భుజాలు అదురుతున్నాయి. గేటు దాటాక రోడ్డు మీద పగలబడి నవ్విన నవ్వు షెడ్డులోకి వినపడింది.

మా ఆయన గేటు దగ్గరికి వెళ్ళి టేపు మనిషి భుజం తట్టి, "వేరే గోడలు చూసుకో బాబూ" అన్నారు. తమ్ముడు వదినని చేతులు పట్టుకుని గిరగిరా తిప్పాడు. "ఒరేయ్, నడుం! నడుం!" అంటూనే ఆవిడ ఇంకో చుట్టు తిరిగింది. నేను స్టూలు కింది ట్రే తీసి, ఎవరూ అడగకుండానే, బయట కుప్పలో పడేసి వచ్చాను.

తిరిగొచ్చి అందరితో పాటు పనిలో పడ్డాను. పొద్దు వాలకముందే ఇద్దరిద్దరి మధ్య ట్రేలు రెండూ నిండిపోయాయి. రేపటి పెట్టె నిండింది. ఖాళీ ట్రే ఒక్కటి లేదు. చెయ్యడానికి ఎవరికీ పని లేదు. ఐదుగురం పట్టపగలు చేతులు వేళ్ళాడేసుకుని నిలబడ్డాం. ఏం చెయ్యాలో తెలియక నేను మా అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఊడిపోయిన దాని జడ విప్పి మళ్ళీ గట్టిగా అల్లి, పైకి మడిచి కట్టడం మొదలుపెట్టాను.

"అబ్బా, ఎందుకమ్మా అంత బిగువు?"

"ప్రెస్సులో చిక్కుకుంటుందే."

"ప్రెస్సు ఆగి ఉందమ్మా!"

"ఆగినది మొదలవదని ఏముంది?" అన్నాను. దాని భుజాలు మళ్ళీ అదరడం మొదలుపెట్టాయి. జడ చేతిలోంచి జారిపోతుంటే నాకూ నవ్వాగలేదు.